శిక్షతో నయం కాని జబ్బు

దినపత్రికల జిల్లా పేజీలలో తరచుగా కనబడే ఒక చిత్రం మన పాఠకులకు సుపరిచితమే. ముఖాలకు ముసుగులు తొడిగిన నలుగురైదుగురు యువకులు వరుసగా నిలబడి ఉంటారు. వారి పక్కన పోలీసు అధికారులు ఉంటారు. ముందున్న బల్లపై గంజాయి పొట్లాలు, సెల్‌ఫోన్లు పేర్చి ఉంటాయి. శీర్షికలో ‘గంజాయి బ్యాచ్’ అనే మాట ఉంటుంది. ముసుగు ముఖాన్ని దాచినా, కింద అచ్చయిన పేర్లు దేనినీ దాచవు. ఆ పేర్లలో మన పేరు ఒక్కటి ఉంటే చాలు, ఆ బస్తీ మొత్తానికీ అదే ముద్ర పడిపోతుంది. ఆ యువకులలో అమ్మేవాడెవరు, అలవాటుపడి వదిలించుకోలేక అల్లాడుతున్నవాడెవరు, ఆసుపత్రి ఎవరికి అవసరం అనే సంగతులు ఆ వార్తలో కానరావు. మరునాటి పత్రికలో ఆ వార్తకు కొనసాగింపూ ఉండదు.

మాదకద్రవ్యాల గురించి పత్రికలు ఎలా రాస్తాయో సమాజం అలాగే ఆలోచిస్తుంది. సమాజం ఆలోచించిన తీరులోనే చట్టమూ, వైద్యమూ నడుస్తాయి. ఈ మాట అతిశయోక్తిగా తోచేవారు, అమెరికాలో మూడు దశాబ్దాలకు పైగా ఈ విషయం మీదనే రాస్తూ వచ్చిన మాయా సాలవిట్జ్ అనే పాత్రికేయురాలి వృత్తి జీవితాన్ని ఒకసారి పరిశీలించాలని మేము కోరుతున్నాము. ఆమె ముస్లిం కాదు. ఆమె చెప్పే ప్రతి మాటతోనూ మేము ఏకీభవించము కూడా. అయినప్పటికీ ఆమె వేసిన ప్రశ్నలు నేడు మన మొహల్లాలలోని ఎన్నో ఇళ్లకు అత్యవసరమైనవి. పరువు కోసం నోరు మూసుకున్న తల్లిదండ్రులకు అవి మరీ అవసరం.

నాజీల మారణహోమం నుండి బయటపడిన హంగేరీ యూదు తండ్రికి ఆమె 1965లో జన్మించారు. చదువులో చురుకైన అమ్మాయి. న్యూయార్క్‌లోని పేరుపొందిన కొలంబియా విశ్వవిద్యాలయంలో సీటు సంపాదించారు. అక్కడే కొకైన్ పరిచయమైంది, చదువు ఆగిపోయింది, ఆపై హెరాయిన్ సూది చేతికి వచ్చింది. ‘మంచి ఇంటి పిల్లలు, చదువుకునే పిల్లలు ఇటువంటి వాటి జోలికి పోరు’ అనే మన పెద్దల నమ్మకానికి ఈ జీవితమే ఒక సమాధానం.

1986లో ఆమె జీవితంలో రెండు సంఘటనలు జరిగాయి. రెండింటి నుండీ ఆమె పాత్రికేయ వృత్తి పుట్టిందనవచ్చు.

మొదటిది ఒక చిన్న మాట. ఆ రోజుల్లో న్యూయార్క్ నగరంలో సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారిలో ఇంచుమించు సగం మందికి ఎయిడ్స్ క్రిమి సోకి ఉంది. ఒకరు వాడిన సూదిని మరొకరు వాడటమే అందుకు కారణం. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఏ పత్రికా, ఏ టెలివిజనూ, ఏ ప్రభుత్వ శాఖా ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి వచ్చిన ఒక స్త్రీ ఆమె మరొకరి సూదిని వాడబోతుండగా చూసి, బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణంతో రెండుసార్లు, నీటితో రెండుసార్లు దానిని కడగాలని నేర్పింది. ఆ ఒక్క మాట తనను ఎయిడ్స్ నుండి కాపాడిందని సాలవిట్జ్ ఎన్నోమార్లు రాశారు. ప్రాణం దక్కినందుకు కృతజ్ఞత ఒకవైపు ఉండగా, ‘ఇంత చిన్న సమాచారాన్ని మాకు ఎందుకు చెప్పలేదు? మేము చచ్చినా ఫరవాలేదనుకున్నారా?’ అనే ఆగ్రహం మరోవైపు ఆమెలో రగిలింది. ఆ ఆగ్రహమే ఆమెను విలేఖరిని చేసింది.

రెండవది అరెస్టు. కొకైన్ కేసులో ఆమె పట్టుబడ్డారు. న్యూయార్క్ రాష్ట్రంలో 1973లో గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ తెచ్చిన చట్టాలు అప్పుడు అమలులో ఉన్నాయి. ఆమె అరెస్టయిన నాటికి నాలుగు ఔన్సుల మత్తుమందు, అంటే సుమారు 113 గ్రాములు దగ్గరుంటే చాలు, కనీసం 15 ఏళ్ల నుండి యావజ్జీవం వరకు జైలు. న్యాయమూర్తి విచక్షణకు అందులో చోటు దాదాపు లేదు. (ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. హెరాయిన్ వ్యసనానికి మెథడోన్ అనే మందుతో చికిత్స చేయవచ్చునని 1960ల మధ్యలో ప్రపంచానికి చూపించిన వైద్యులు విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ పనిచేసింది అదే న్యూయార్క్ నగరంలో, అదే కుటుంబం స్థాపించిన రాక్‌ఫెల్లర్ పరిశోధనా సంస్థలోనే. ఒకే పేరు కింద ఒకచోట మందు కనిపెట్టారు, మరొకచోట సంకెళ్లు తయారుచేశారు.)

1988లో, 23 ఏళ్ల వయసులో ఆమె తనంతట తానుగా చికిత్సలో చేరారు. న్యాయస్థానం ఆమె కోలుకోవడాన్ని గమనించింది. కేసు ఏళ్ల తరబడి సాగి చివరకు కొట్టివేయబడింది. ఆమె జైలుకు వెళ్లలేదు. తిరిగి చదువుకున్నారు, రచయిత్రి అయ్యారు.

ఈ కథ ఇంతటితో ఆగిపోయి ఉంటే, పడిలేచిన ఒక మనిషి కథగా మిగిలిపోయేది. మేము దానిని ఇక్కడ ప్రస్తావించి ఉండేవారము కాము. కానీ ఆమె అక్కడ ఆగలేదు. తాను ఎందుకు జైలుకు వెళ్లలేదని తననే ప్రశ్నించుకున్నారు. తాను శ్వేతజాతి స్త్రీ, మధ్యతరగతి కుటుంబీకురాలు, పెద్ద విశ్వవిద్యాలయంలో చదివిన మనిషి. ఆమెను చూసిన న్యాయస్థానానికి ఒక రోగి కనబడింది. అదే నేరారోపణతో అదే భవనంలో నిలబడిన నల్లజాతి యువకుడిలో ఒక నేరస్థుడే కనబడ్డాడు. అమెరికాలో మత్తుమందుల వాడకం నల్లవారిలోనూ, తెల్లవారిలోనూ దాదాపు ఒకే స్థాయిలో ఉంటుందని సర్వేలు చెబుతూ వచ్చాయి. కానీ ఈ చట్టాల కింద న్యూయార్క్ జైళ్లలో మగ్గినవారిలో పదింట తొమ్మిది మంది నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలవారే. తనకు దక్కిన దయ తన గొప్పతనం కాదని, తన చర్మపు రంగుకు దక్కిన రాయితీ అని ఆమె బహిరంగంగా రాశారు. మేలు పొందిన వర్గానికి చెందిన మనిషి ఈ మాట చెప్పడం అరుదు. 2004లోనూ, 2009లోనూ ఆ చట్టాలను సడలించే నాటికి ఒక తరం యువకుల జీవితాలు కటకటాల వెనుక గడిచిపోయాయి.

ఇక్కడ మన సంగతి గుర్తుకు రాక మానదు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటేటా ప్రచురించే జైళ్ల నివేదికలలో విచారణ ఖైదీలలో మన వాటా అంతకంటే ఎక్కువగానే నమోదవుతోంది. ఇందులో మత్తుమందుల కేసుల వాటా ఎంత అన్న చర్చకు మేము ఇప్పుడు పోవడం లేదు. కఠిన చట్టం వచ్చినపుడు దాని బరువు అందరి భుజాల మీదా సమానంగా పడదని మాత్రం న్యూయార్క్ అనుభవం తేటతెల్లం చేసింది. సంపన్నుని కుమారుడు పబ్బులో పట్టుబడితే న్యాయవాది, కౌన్సెలింగ్, కొద్ది రోజుల వార్త. ఆటో డ్రైవర్ కుమారుడు పట్టుబడితే జామీనుకు మనిషి దొరకడమే కష్టం.

సాలవిట్జ్ తొలినాళ్లలో ‘విలేజ్ వాయిస్’ వంటి పత్రికలకు రాశారు. అప్పట్లో శుభ్రమైన సూదులు పంచడమే న్యూయార్క్‌లో నేరం. ఎయిడ్స్ వ్యాప్తిని అడ్డుకునేందుకు కొందరు కార్యకర్తలు 1990లో కావాలనే బహిరంగంగా సూదులు పంచి అరెస్టయ్యారు. ప్రాణాలు కాపాడే అత్యవసర పరిస్థితిలో ఈ పని చేశారని 1991లో న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. మరుసటి ఏడాది రాష్ట్రం సూదుల మార్పిడిని చట్టబద్ధం చేసింది. నగరంలో సూది ద్వారా ఎయిడ్స్ సోకడం ఆ తర్వాతి సంవత్సరాలలో బాగా తగ్గిపోయింది. ‘వీళ్లు చెప్పినా వినరు, మారరు’ అని అందరూ వదిలేసిన మనుషులే, సమాచారమూ సాధనమూ అందగానే తమ ప్రాణాలను, ఇతరుల ప్రాణాలను కాపాడుకున్నారు. ఈ ఉద్యమ చరిత్రనంతటినీ ఆమె 2021లో ‘అన్‌డూయింగ్ డ్రగ్స్’ అనే పుస్తకంగా తెచ్చారు. అంతకు చాలా ముందే, 1998లో బిల్ మోయర్స్ పబ్లిక్ టెలివిజన్ కోసం వ్యసనంపై నిర్మించిన ధారావాహికలోనూ ఆమె పనిచేశారు.

ఆమె రచనలలో మన తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది 2006లో వచ్చిన ‘హెల్ప్ ఎట్ ఎనీ కాస్ట్’ అనే పుస్తకం సంగతి. దారితప్పిన పిల్లలను బాగుచేస్తామని ప్రకటనలిచ్చి, లక్షల రూపాయలకు సమానమైన డబ్బు గుంజి, ఆ పిల్లలను నిర్బంధించి హింసించిన ప్రైవేటు కేంద్రాల గురించి ఆమె చేసిన పరిశోధన అది. ఈ కేంద్రాల మూలాలు 1958లో కాలిఫోర్నియాలో మొదలైన ‘సినానాన్’ అనే సంస్థలో ఉన్నాయని ఆమె చూపించారు. మనిషిని వలయంలో కూర్చోబెట్టి అందరూ కలిసి తిట్టి, అవమానించి, గుండు గీయించి, అతని అహాన్ని విరగ్గొడితే వ్యసనం పోతుందన్నది ఆ సంస్థ సిద్ధాంతం. ఆ సంస్థ చివరకు హింసాత్మకమైన ఒక మూఢవర్గంగా మారి కూలిపోయింది. అయినా ఆ పద్ధతి మాత్రం పేర్లు మార్చుకుంటూ దేశమంతా పాకింది. నిద్రపోనివ్వకపోవడం, తల్లిదండ్రులతో మాట్లాడనివ్వకపోవడం, కొట్టడం, ఆహారం తగ్గించడం ‘చికిత్స’ అయ్యాయి. కొందరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆమె పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 2007లో, అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఈ కేంద్రాలలో జరిగిన హింసపైన, మరణాలపైన తమ పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చింది. ఇటువంటి కేంద్రాలపై సమాఖ్య స్థాయిలో ఒక చట్టం రావడానికి మాత్రం 2024 డిసెంబరు దాకా పట్టింది. ఒక విలేఖరి రాసిన నిజం చట్టమయ్యేందుకు పద్దెనిమిదేళ్లు!

ఆ పుస్తకంలో ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. గుండె జబ్బు వచ్చిన మనిషిని తిట్టి, గుండు గీసి, గదిలో బంధిస్తే మనం దానిని వైద్యమంటామా? మరి వ్యసనం విషయంలో ఎందుకు అంటున్నాము?

తెలుగు నాట ఈ ప్రశ్న ఎంత అవసరమో మాకు తెలుసు. జుమా నమాజు ముగిశాక జనం పలచబడేదాకా ఆగి, ఎవరూ వినకుండా మా చెవిన విషయం వేసిన తండ్రులు ఉన్నారు. నగలు కుదువపెట్టి కొడుకును ఏదో ఒక కేంద్రంలో చేర్పించిన తల్లులు ఉన్నారు. అక్కడ వైద్యుడున్నాడా అని అడిగితే వారికి తెలియదు. ఏ మందు ఇస్తున్నారో తెలియదు. ‘మూడు నెలల దాకా చూడటానికి రావద్దన్నారు, గట్టిగా ఉంటేనే బాగవుతాడన్నారు’ అని మాత్రం చెబుతారు. అలాంటి ఒక కేంద్రం నుండి వచ్చిన ఒక కుర్రవాడి వీపు మీది చారలను మేము చూశాము. వాడు బయటికి వచ్చిన కొద్ది వారాలకే తిరిగి మత్తుకు లోబడ్డాడు. అప్పుడు అందరూ వాడినే తిట్టారు. ఆ కేంద్రాన్ని ఎవరూ ఏమీ అనలేదు.

సాలవిట్జ్ 2016లో ‘అన్‌బ్రోకెన్ బ్రెయిన్’ అనే పుస్తకంలో తన వాదాన్ని శాస్త్రీయంగా వివరించారు. కీడు జరుగుతోందని తెలిసినా, దెబ్బలు తగులుతున్నా ఆపుకోలేకపోవడమే వ్యసనానికి వైద్యులు చెప్పే నిర్వచనం. అలాంటపుడు మరికొన్ని దెబ్బలు అదనంగా తగిలించడం వల్ల అది ఎలా నయమవుతుంది? శిక్షకు లొంగేదయితే అది వ్యసనమే కాదు. ఆమె దృష్టిలో ఇది మెదడు తప్పుగా నేర్చుకున్న ఒక పాఠం. ప్రేమలోనో, బిడ్డ పెంపకంలోనో మనిషి కష్టాలను లెక్కచేయకుండా ముందుకు సాగేలా చేసే శక్తే ఇక్కడ దారి తప్పి మత్తుమందుకు అంటుకుంటుంది. ఎక్కువ మందిలో ఇది కౌమారంలో, ఇరవయ్యేళ్ల లోపు మొదలవుతుంది. మత్తుమందును రుచిచూసిన ప్రతివారూ బానిసలు కారు. బాల్యంలో హింస, ఆప్తుల మరణం, తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు వంటి గాయాలున్న పిల్లలు త్వరగా చిక్కుకుంటారు. కాబట్టి ‘పూర్తిగా అడుగంటితే తప్ప మారడు, ఇంట్లోంచి వెళ్లగొట్టండి’ అనే సలహా ప్రమాదకరమని ఆమె హెచ్చరిస్తారు. వెళ్లగొట్టబడినవాడికి అడుగు తగలకముందే శ్మశానం ఎదురుకావచ్చు.

పదాల విషయంలోనూ ఆమె పట్టుదల గమనించదగినది. మనిషిని జబ్బు పేరుతో పిలవడం మానాలని ఆమె, ఆమెవంటి మరికొందరు రచయితలు ఏళ్ల తరబడి వాదించారు. 2017లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన విలేఖరులకు ఇచ్చే శైలీ నియమావళిలో, మనిషిని ‘బానిస’ అని ముద్రవేసే పదాన్ని వాడవద్దని, ‘వ్యసనంతో బాధపడుతున్న వ్యక్తి’ అన్న తీరులో రాయమని చేర్చింది. తెలుగు పత్రికలు ‘గంజాయి బ్యాచ్’ను ఎప్పుడు వదులుతాయో చూడాలి.

ఆమెతో మా విభేదం ఎక్కడో కూడా చెప్పాలి. మత్తుపదార్థాల వాడకాన్ని నేరాల జాబితా నుండి తొలగించాలన్నది ఆమె చిరకాల వాదన. విక్రయాన్ని, బహిరంగ వాడకాన్ని తేలికగా తీసుకునే ఏ ఏర్పాటుకూ మేము సమ్మతించలేము. ఒరెగాన్ రాష్ట్రం 2020లో ప్రజాభిప్రాయం ద్వారా వాడకానికి జైలు శిక్ష తొలగించి, చికిత్స సౌకర్యాలు సకాలంలో అందించలేక, 2024లో వెనక్కి తగ్గవలసి వచ్చింది. శిక్ష తీసివేసినంత మాత్రాన చికిత్స దానంతటది పుట్టుకురాదు. మత్తు కలిగించే ప్రతిదీ హరాం అన్న విషయంలో మనకు రెండో మాట లేదు. ఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలోని 90, 91 ఆయతులు ఆ తలుపు మూసివేశాయి.

అయితే ఆ తలుపు మూసిన తీరును మనం మరచిపోరాదు. నిషేధం ఒక్కరోజులో రాలేదు. మొదట అందులోని కీడు మేలుకంటే పెద్దదని చెప్పి, పిదప మత్తులో నమాజుకు రావద్దని చెప్పి, ఆ తర్వాతనే పూర్తిగా నిషేధించడం జరిగింది. అలవాటుపడిన మనసులను సిద్ధపరచిన క్రమం అది. సహీహ్ బుఖారీలో మరో సంఘటన నమోదై ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కాలంలో ఒక సహచరుడు తాగి పదేపదే పట్టుబడేవాడు. అతనికి శిక్ష పడింది, నిజమే. కానీ అక్కడున్న ఒకరు అతనిని శపించగానే ప్రవక్త (సఅసం) వారించారు. ఆ మనిషి హృదయంలో అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. తప్పు చేసినవాడు జమాఅత్ నుండి వెలివేయబడలేదు. నేడు మన మొహల్లాలో అలాంటి కుర్రవాడు మస్జిద్ గడప తొక్కితే ముందు వరుసలోని పెద్దలు ఎలా చూస్తారో మనకు తెలియనిది కాదు.

చికిత్సలో మందు వాడటం కూడా మత్తుకు మత్తే కదా అని కొందరు మౌల్వీ సాహెబులు మమ్మల్ని అడిగారు. హెరాయిన్ వంటివాటికి అలవాటుపడినవారికి వైద్యులిచ్చే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నిర్ణీత మోతాదులో, పర్యవేక్షణలో ఇచ్చినపుడు అవి మైకం కలిగించవు. ఒళ్లు విరిచే బాధను ఆపి మనిషిని పనిలో నిలబెడతాయి. మరణ ప్రమాదాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి. కౌలాలంపూర్‌లో మలయా విశ్వవిద్యాలయం సమీపంలోని అర్ రహ్మాన్ మస్జిద్‌లో 2010 నుండి మెథడోన్ చికిత్సను నమాజుతో, ధార్మిక బోధతో కలిపి నడిపారు. ఇరాన్‌లోనూ ఈ మందులు జైళ్లలో సైతం ఇస్తారు. మన దేశంలో సూదితో ఎక్కించుకునేవారికి బ్యూప్రినార్ఫిన్ చికిత్సను జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచితంగా అందిస్తోంది. గంజాయికి మాత్రం ఇలాంటి మందు ఏదీ లేదు. అక్కడ కౌన్సెలింగ్, ఓపిక, ఇంటివారి తోడే చికిత్స.

ఒక వైద్య విషయాన్ని గట్టిగా చెప్పక తప్పదు. మద్యం, నిద్రమాత్రలు, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు వంటివాటికి బాగా అలవాటుపడినవారిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించడం ప్రాణాంతకం. ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, మరణం కూడా సంభవించవచ్చు. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా నిలిచిపోగానే వింత ప్రవర్తనతో, వణుకుతో జనం ఆసుపత్రులకు పరుగెత్తిన సంగతి తెలంగాణలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాన్పించడం వైద్యుని కళ్లముందే జరగాలి.

చట్టం కూడా మనం అనుకున్నంత మూసుకుపోయి లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టంలో 64ఎ సెక్షన్ అనేది ఒకటుంది. వాడకం కేసులో గానీ, చిన్న పరిమాణం కేసులో గానీ ఇరుక్కున్న వ్యసనపరుడు తానుగా ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేస్తే అతనిపై ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. గంజాయికి చిన్న పరిమాణం అంటే కిలో వరకు, హెరాయిన్‌కు 5 గ్రాముల వరకు. 39వ సెక్షన్ కింద న్యాయస్థానమే జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. ఈ సెక్షన్లను అడిగేవారు లేక అవి పుస్తకంలోనే నిద్రపోతున్నాయి. కుర్రవాడు పట్టుబడిన తొలిరోజే న్యాయవాది నోట ఈ మాట రావాలి. మన సముదాయ న్యాయవాదులు కనీసం ఈ ఒక్క పని ఫీజు లేకుండా చేయాలని మా విన్నపం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అంటే ఈ చికిత్స చేసే కేంద్రం రిజిస్టర్ కావాలి. రోగిని గొలుసులతో కట్టరాదు, బలవంతంగా గుండు గీయరాదు, క్రూరంగా చూడరాదు. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. కాగితం మీద నంబరు లేని సంస్థ రేపు ఏదైనా జరిగితే ఎవరికీ జవాబు చెప్పదు. కాబట్టి పిల్లవాడిని ఎక్కడైనా చేర్చేముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగండి. మానసిక వైద్యుడు ఎన్ని రోజులకోసారి వస్తాడో, ఏ మందు ఎందుకిస్తున్నారో, ఎప్పుడెప్పుడు చూడనిస్తారో రాతపూర్వకంగా అడగండి. ఇవి అడిగినందుకు విసుక్కునే చోట బిడ్డను వదలకండి.

2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, మత్తుమందులకు తీవ్రంగా అలవాటుపడిన ప్రతి 20 మందిలో ఒక్కరికే ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స అందుతోంది. మద్యం విషయంలోనైతే ఏదో ఒక చికిత్స అందేది 38 మందిలో ఒక్కరికే. వైట్‌నర్, జిగురు వంటివి పీల్చే అలవాటు పెద్దలకంటే పిల్లలలో ఎక్కువగా ఉందని కూడా ఆ సర్వే తేల్చింది. ఫుట్‌పాత్‌ల మీద, మెకానిక్ షెడ్లలో పనిచేసే చిన్నారులలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. మిగిలిన పందొమ్మిది మంది ఎక్కడ ఉన్నారు? కొందరు జైలులో, కొందరు ఇళ్లలోని తలుపుల వెనుక, కొందరు ఖబరస్థాన్‌లో.

ఈ పందొమ్మిది మంది గురించి రాసే తెలుగు విలేఖరులు మనకు కావాలి. అరెస్టు నాడు ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు కాకుండా, ఆరు నెలల తర్వాత ఆ ఇంటి తలుపు తట్టేవారు, ప్రభుత్వ ఆసుపత్రిలో పడకలెన్ని, మందులున్నాయా అని లెక్క అడిగేవారు, మూసిన గేట్ల వెనుక ఏం జరుగుతోందో చూసి వచ్చేవారు కావాలి. పాత్రికేయ కళాశాలల్లో చదువుతున్న మన అమ్మాయిలు, అబ్బాయిలు ఈ పనిని చేపట్టవచ్చు. ఇందుకు సాలవిట్జ్ వలె పడి లేవవలసిన అవసరం లేదు. పడినవారి పక్కన కూర్చుని వినే ఓపిక ఉంటే చాలు.

మస్జిద్ కమిటీలు చేయగలిగింది కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వపు వ్యసన విముక్తి సహాయ నంబరు 14446, మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ నంబరు 14416. ఈ రెంటినీ నమాజు వేళల పట్టిక పక్కనే, తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టండి. స్త్రీలకు కనబడేచోట కూడా పెట్టండి, ఎందుకంటే ముందుగా పసిగట్టేది తల్లులూ అక్కచెల్లెళ్లే. ఇమాం సాహెబులు జుమా ఖుత్బాలో మత్తు హరాం అని చెప్పిన నోటితోనే, చిక్కుకున్నవాడు తమ వద్దకు రావచ్చని, గుట్టు కాపాడుతామని కూడా చెప్పాలి.

వచ్చే సంచిక నుండి, వ్యసన చికిత్స అందించే ప్రభుత్వ ఆసుపత్రుల వివరాలను జిల్లాల వారీగా ప్రచురించదలచాము. మీ ప్రాంతంలో ఆ విభాగం నిజంగా పనిచేస్తున్నదా, ఏ రోజుల్లో వైద్యులుంటారు, మందులు దొరుకుతున్నాయా అనే సంగతులు స్వయంగా వెళ్లి చూసి మాకు రాయండి. మీ పేరు గానీ, మీ ఇంటి విషయం గానీ అచ్చులోకి రాదు.